బతకడమే నేరమైన చోట పిల్లలు

అందరికీ నమస్కారం.

ఉత్తర కొరియా అనగానే మనకు క్షిపణులు, అణుపరీక్షలు, కాళ్లు ఒక్కలా లేపుతూ నడిచే సైనికులు గుర్తొస్తారు. వార్తల్లో చూపించేది అదే కాబట్టి మన తప్పేం లేదు. ఇవాళ నేను వాటి జోలికి పోను. 1996 మార్చిలో కదిలే రైలెక్కి బొగ్గు దొంగిలించబోయిన ఒక పిల్లవాడి దగ్గర మొదలుపెడతాను.

అతని పేరు జీ సోంగ్ హో. ఉత్తర హాంగ్యోంగ్ రాష్ట్రంలో, చైనా సరిహద్దుకు ఆనుకుని ఉన్న హోర్యోంగ్ ప్రాంతం వాళ్లది. అప్పటికి అతనికి పదమూడు పద్నాలుగేళ్లు. గనుల నుంచి బొగ్గు మోసుకెళ్లే గూడ్సు బండి ఎక్కి, సంచిలో బొగ్గు నింపుకుని దిగడం, దాన్ని ఇచ్చి ఇంత తిండి తెచ్చుకోవడం, అదీ ఆ కుటుంబం బతుకుతెరువు. ఆ రోజు పెట్టె మీద నుంచి పెట్టె మీదకు దాటుతూ ఆకలితో కళ్లు తిరిగి పట్టాల మీద పడిపోయాడు. తెలివి వచ్చేసరికి బండి అతని మీద నుంచి వెళ్లిపోతోంది. ఎడమ చేయి, ఎడమ కాలు పోయాయి. ఆసుపత్రిలో మత్తుమందు లేదు. మత్తు ఇవ్వకుండానే కోశారు. ఆ తర్వాత నెలల తరబడి అతని తమ్ముడు, చెల్లెలు తమ నోటి దగ్గర కూడు అతనికి పెట్టి తాము గడ్డీ గాదం తిన్నారు. వాళ్ల ఎదుగుదల అక్కడే ఆగిపోయిందని అతను తర్వాత చాలా వేదికల మీద చెప్పాడు. తన కాలు గురించి చెప్పేటప్పుడు కంటే ఆ మాట చెప్పేటప్పుడే ఎక్కువ బాధపడతాడనిపిస్తుంది నాకు.

ఆ వయసు పిల్లవాడు స్కూలు మానేసి బొగ్గు బండి ఎందుకు ఎక్కాల్సి వచ్చిందో తెలియాలంటే అక్కడి రేషన్ సంగతి తెలియాలి.

ఉత్తర కొరియాలో పట్నంవాళ్లెవరూ బజారులో బియ్యం కొనుక్కునేవాళ్లు కాదు. ప్రభుత్వమే పంచేది. పదిహేను రోజులకోసారి కేంద్రానికి వెళ్లి తెచ్చుకోవాలి. మామూలు పనివాడికి రోజుకు 700 గ్రాముల ధాన్యం లెక్క, గనుల్లాంటి చోట కష్టం చేసేవాడికి 900 గ్రాములు. పిల్లలకు వయసును బట్టి తక్కువ. పైకి చూస్తే బాగానే ఉందనిపిస్తుంది. కానీ తిండి మొత్తం ఒకే చేతి గుండా వస్తుంటే, ఆ చేతిని ఎదిరించేవాడు ఎవడు? పనిలోకి రానివాడికి రేషన్ కోత. అనుమతి పత్రం లేకుండా ఊరు దాటడానికి లేదు. సొంతంగా వ్యాపారం చేయడం నేరం. ఇవి కాక సోంగ్‌బున్ అనే పద్ధతి ఒకటి ఉంది. మీ తాత జపాన్ పాలన కాలంలో ఏం చేశాడు, కొరియా యుద్ధంలో ఎటువైపు ఉన్నాడు అన్నదాన్ని బట్టి కుటుంబాలను విశ్వాసపాత్రులు, ఊగిసలాడేవాళ్లు, శత్రువులు అని మూడు ముక్కలు చేశారు. ఏ ఊళ్లో ఉండాలి, ఏ చదువు చదవాలి, ఏ పని చేయాలి అన్నది చాలావరకు దాన్ని బట్టే. పుట్టిన పసికందుకు కూడా అది అంటుకునే వస్తుంది.

1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది. దాంతోపాటే చౌకగా వచ్చే చమురు, ఎరువులు ఆగిపోయాయి. కరెంటు లేక పంపులు ఆగాయి, ఎరువు లేక పంటలు పడిపోయాయి. అదే ఏడాది ప్రభుత్వం 'రోజుకు రెండు పూటలే తిందాం' అని ప్రచారం మొదలుపెట్టింది. 1994 జూలైలో దేశాన్ని మొదటి నుంచీ ఏలిన కిమ్ ఇల్ సంగ్ చనిపోయాడు, కొడుకు కిమ్ జోంగ్ ఇల్ గద్దెనెక్కాడు. 1995 వేసవిలో భారీ వరదలొచ్చాయి. ప్రభుత్వం ప్రపంచానికి చెప్పింది వరదల గురించే. కానీ వరదలకు ముందే ఈశాన్య రాష్ట్రాలకు రేషన్ ఆగిపోయింది. ఫ్యాక్టరీలు, గనులు ఉన్న ప్రాంతాలవి, పొలాలు తక్కువ. రాజధానికి నచ్చనివాళ్లను ఏళ్ల తరబడి పంపించిన ప్రాంతాలు కూడా అవే. జీ సోంగ్ హో కుటుంబం ఉన్నది అక్కడే.

ఎంతమంది చనిపోయారో అక్కడి ప్రభుత్వం సరైన లెక్క ఇవ్వలేదు. పరిశోధకులు ఎక్కువమంది 6 లక్షల నుంచి 10 లక్షల మధ్య చెబుతారు, ఇంకా ఎక్కువ చెప్పేవాళ్లూ ఉన్నారు. అప్పటి జనాభా రెండు కోట్ల పైచిలుకు. 1998లో ఐక్యరాజ్యసమితి సంస్థలు, యూరోపియన్ యూనియన్ కలిసి పిల్లల్ని కొలిచి చూస్తే, చిన్నపిల్లల్లో 62 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అదే ఏడాది సెప్టెంబరులో ఎంఎస్ఎఫ్ వైద్యుల సంస్థ ఆ దేశం వదిలి వచ్చేసింది. మేము తెచ్చిన సాయం అసలు ఆకలితో ఉన్న పిల్లలకు చేరడం లేదు, వాళ్లను మాకు చూపించనివ్వడం లేదు అన్నది వాళ్ల ఫిర్యాదు. కరువున్న చోటు నుంచి వైద్యులు బయటికి రావడం ఎంత బరువైన నిర్ణయమో ఆలోచించండి.

2014లో ఐక్యరాజ్యసమితి విచారణ కమిషన్ నివేదిక వచ్చింది. ఆస్ట్రేలియా మాజీ న్యాయమూర్తి మైకేల్ కిర్బీ దానికి అధ్యక్షుడు. సియోల్, టోక్యో, లండన్, వాషింగ్టన్‌లలో బహిరంగ విచారణలు జరిపి, అక్కడి నుంచి తప్పించుకున్నవాళ్ల చేత అందరి ముందూ చెప్పించారు. మానవాళిపై నేరాల జాబితాలో ఆ కమిషన్ ఒక మాట చేర్చింది: తెలిసి తెలిసీ జనాన్ని దీర్ఘకాలం ఆకలికి గురిచేయడం. అందుకే నేను ఆ రోజుల్ని ఉత్త కరువు అనలేను. ఊరు దాటితే నేరం, అమ్ముకుంటే నేరం, కొనుక్కుంటే నేరం. రేషన్ ఇవ్వరు, ఇంకో దారి వెతుక్కోనివ్వరు. అంటే పిల్లవాడు చట్టానికి లోబడి ఉంటే చచ్చిపోతాడు. బతికి బయటపడ్డ ప్రతి పిల్లవాడూ మొదట చట్టాన్ని దాటాడు, తర్వాతే సరిహద్దు దాటాడు. తప్పించుకోవడం నది ఒడ్డున మొదలవుతుందని మనం అనుకుంటాం. నా దృష్టిలో అది ఆ బొగ్గు బండి మీదే మొదలైంది.

పిల్లలు దీన్ని మనసులో ఎలా దాటారు అన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. ఆ ఇళ్లల్లో గోడకు నాయకుల ఫొటోలు రెండు తప్పకుండా ఉంటాయి. వాటిని తుడవడానికి ప్రత్యేకంగా ఒక గుడ్డ ఉంటుంది, ఇంకో పనికి దాన్ని వాడకూడదు. ఏప్రిల్ 15న పెద్దాయన కిమ్ ఇల్ సంగ్ పుట్టినరోజు. ఆ రోజు పిల్లలకు మిఠాయిల ప్యాకెట్ ఇస్తారు. పిల్లలు వరసగా ఆ ఫొటోల ముందుకు వెళ్లి, నడుము వంచి నమస్కరించి, కృతజ్ఞతలు చెప్పి తీసుకోవాలి. ఆ పూట తీపి నోట్లో పెట్టిన చేయి ఆ నాయకుడిది. అమ్మానాన్నలది కాదు. ఏడాది మొత్తంలో తీపి దొరికేది దాదాపు ఆ ఒక్క రోజే అయితే, ఆ బుర్రలో ఏం నాటుకుంటుందో చెప్పక్కర్లేదు. ఇంకాస్త పెద్దయి బాలల సంఘంలో చేరాక వారం వారం ఆత్మవిమర్శ సమావేశాలు. లేచి నిలబడి ఈ వారం నేను చేసిన తప్పు ఇది అని చెప్పాలి, పక్కవాడి తప్పు కూడా చెప్పాలి. ఎనిమిదేళ్ల పిల్లకు స్నేహితురాలి మీద చెప్పడానికి ఏదో ఒకటి దొరకాలి కదా. పిల్లలు ముందే మాట్లాడుకుని, నువ్వు నా మీద ఇది చెప్పు, నేను నీ మీద అది చెబుతా అని సర్దుకునేవాళ్లట. తప్పించుకు వచ్చినవాళ్లు చాలామంది ఈ సంగతి చెప్పారు. నాకు ఇది చాలా విలువైన సాక్ష్యం. పాలన ఎంత లోపలికి చొరబడినా, పిల్లలు ఒకరినొకరు కాపాడుకునే సందు ఒకటి వెతుక్కున్నారు.

కరువు రోజుల్లో తల్లిదండ్రులు చనిపోయిన పిల్లలు, వాళ్లు తిండి వెతుక్కుంటూ వెళ్లి తిరిగి రాని పిల్లలు రైల్వే స్టేషన్లకు చేరారు. వాళ్లను కోత్‌జేబీలు అంటారు. చోంగ్జిన్ లాంటి పెద్ద స్టేషన్లలో గుంపులు గుంపులుగా ఉండేవాళ్లు. అప్పుడప్పుడే లేస్తున్న దొంగచాటు సంతల్లో కింద పడ్డ మొక్కజొన్న గింజలు ఏరుకోవడం, తింటున్నవాడి చేతిలోది లాక్కుని పారిపోతూ పారిపోతూ నోట్లో కుక్కుకోవడం. పట్టుకుని ఎంత కొట్టినా నమలడం ఆపేవాళ్లు కారట. నోట్లోకి పోయింది ఇక ఎవరూ లాక్కోలేరు మరి. ఇళ్లల్లో ఉన్నవాళ్ల తిండీ అంతంతే. పైన్ చెట్టు బెరడు లోపలి పొర ఉడికించి దంచేవాళ్లు. మొక్కజొన్న కండెలు, కాడలు పిండి చేసేవాళ్లు. అడవి ఆకులు కలిపి జావ కాచేవాళ్లు. ఆ బెరడు తిన్న పిల్లలకు మలబద్ధకం వచ్చి కడుపు ఉబ్బిపోయేది.

ప్రభుత్వం ఈ పిల్లల్ని ఏం చేసిందంటే, పట్టుకుని నిర్బంధ కేంద్రాల్లో పెట్టింది. ఆదేశం వచ్చిన తేదీని బట్టి వాటికి 927 కేంద్రాలని పేరు. అక్కడ తిండి లేదు, రోగాలున్నాయి, తాళం ఉంది. స్టేషన్లో ఉంటే కనీసం దొంగిలించి తినవచ్చు. అందుకని పిల్లలు అక్కడి నుంచీ పారిపోయేవాళ్లు.

ఇక నది. ఉత్తర కొరియాకు, చైనాకు మధ్య టూమెన్ నది. మూసాన్ దగ్గర కొన్ని చోట్ల చాలా ఇరుకు, అవతలి ఒడ్డున ఇళ్లు, మనుషులు కనిపిస్తారు. చలికాలంలో గడ్డకట్టి నడిచి దాటేట్టు ఉంటుంది. అవతల యాన్బియన్ ప్రాంతంలో కొరియా భాష మాట్లాడే చైనా పౌరులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ రోజుల్లో చాలామంది అన్నం పెట్టారు, బట్టలిచ్చారు, దాచారు. పట్టుబడితే జరిమానా అని తెలిసీ చేశారు. నేను వాళ్లకు ఇక్కడి నుంచి దండం పెడుతున్నాను.

కానీ అక్కడితో ప్రాణం తెరిపిన పడుతుందనుకుంటే పొరపాటు. చైనా 1982లోనే శరణార్థుల ఒప్పందంలో చేరింది. హింస ఎదురయ్యే చోటికి మనిషిని తిరిగి పంపకూడదు అన్నది ఆ ఒప్పందంలో ముఖ్యమైన షరతు. ఉత్తర కొరియా నుంచి వచ్చినవాళ్లు మాత్రం శరణార్థులు కారు, పొట్టకూటి కోసం అక్రమంగా వచ్చినవాళ్లు అన్నది చైనా వాదన. 1986లో ఉత్తర కొరియాతో చేసుకున్న సరిహద్దు ఒప్పందం చూపించి తిప్పి పంపుతుంది. తిరిగి వెళ్లినవాళ్లకు విచారణ, దెబ్బలు, నిర్బంధ శ్రమ. దక్షిణ కొరియాకు వెళ్లబోయారని గానీ, చర్చి వాళ్లను కలిశారని గానీ తేలితే రాజకీయ ఖైదీల శిబిరం. జీ సోంగ్ హో 2000 సంవత్సరంలో ఊతకర్రల మీదే చైనా వెళ్లి కాస్త బియ్యం తెచ్చాడు. తిరిగొస్తూ పట్టుబడ్డాడు. వికలాంగుడివి నువ్వు వెళ్లి దేశం పరువు తీశావంటూ పోలీసులు హింసించారు. అప్పుడే ఈ దేశంలో ఉండకూడదని అతనికి గట్టిగా అనిపించింది.

అవతలి ఒడ్డున ఆడపిల్లల గతి వేరు. ముప్పై నాలుగు వేల మంది దాకా ఇప్పటివరకు దక్షిణ కొరియా చేరితే, వాళ్లలో పదిమందికి ఏడుగురు ఆడవాళ్లు. చాలామందిని దళారులు చైనా పల్లెల్లో పెళ్లి కాని మగవాళ్లకు అమ్మేశారు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు కూడా ఉన్నారు వాళ్లలో. ఫిర్యాదు చేయడానికి పోలీసు దగ్గరికి వెళ్తే ఆ పోలీసే సరిహద్దుకు తీసుకెళ్లి అప్పగిస్తాడు. దళారి ధైర్యమంతా అదే.

ఇప్పుడు రెండు సంఘటనలు పక్కపక్కన పెడతాను.

2001 జూన్‌లో ఒక కుటుంబం, ఏడుగురు, బీజింగ్‌లోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఆఫీసులోకి వెళ్లి కూర్చున్నారు. మమ్మల్ని వెనక్కి పంపితే ఇక్కడే చస్తామన్నారు. వాళ్లలో ఒక కుర్రవాడు చైనాలో దాక్కుని ఉన్నప్పుడు తాను చూసినవన్నీ బొమ్మలు గీశాడు. ఆకలి, స్టేషన్లు, దెబ్బలు అన్నీ. ఆ బొమ్మలు అప్పటికే బయటి ప్రపంచానికి చేరాయి. ఆ మరుసటి నెలలో 2008 ఒలింపిక్స్ ఎవరికి అన్నది తేలాల్సి ఉంది, బీజింగ్ బరిలో ఉంది. కొద్ది రోజుల్లోనే చైనా వాళ్లను సింగపూర్, మనీలా మీదుగా సియోల్ వెళ్లనిచ్చింది. మరుసటి ఏడాది మే నెలలో షెన్యాంగ్‌లోని జపాన్ కాన్సులేట్ గేటు దగ్గర ఇంకో కుటుంబాన్ని చైనా పోలీసులు బయటికి ఈడ్చారు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. ఆడవాళ్లను నేల మీద పడేసి లాగుతుంటే రెండేళ్ల పాప గేటు లోపల నిలబడి చూస్తూ ఉంటుంది. ఆ పాప ఏడవడం కూడా మర్చిపోయింది. ఆ వీడియో బయటపడ్డాక వాళ్లనూ వదలక తప్పలేదు. వాళ్లూ మనీలా మీదుగా సియోల్ చేరారు.

2013 మే నెలకు రండి. తొమ్మిదిమంది యువతీ యువకులు, పదిహేను నుంచి ఇరవై మూడేళ్ల లోపు వాళ్లు, ఎక్కువమంది అనాథలు, చైనా మొత్తం దాటి లావోస్ చేరి అక్కడ పట్టుబడ్డారు. లావోస్ దాకా వచ్చారంటే గండం గడిచినట్టే అని అప్పటిదాకా అందరి నమ్మకం. రెండు వారాల పైగా వాళ్లను అక్కడే ఉంచారు. సంగతి బయటికి పొక్కలేదు. గుట్టుగా మాట్లాడుకుంటే పని జరుగుతుందని పెద్దలు అనుకున్నారు. మే 27న లావోస్ వాళ్లను చైనాకు పంపేసింది, మరునాడు విమానంలో ప్యాంగ్యాంగ్ చేరారు. జూన్‌లో ఉత్తర కొరియా టీవీలో వాళ్లను కూర్చోబెట్టి మమ్మల్ని కిడ్నాప్ చేశారని చెప్పించారు.

గుట్టుగా చేసే దౌత్యం వల్ల కొందరు బయటపడిన మాటా నిజమే, నేను కాదనను. కానీ పిల్లలు పట్టుబడ్డ మొదటి రోజే పదిమందికీ తెలిసి ఉంటే ఆ తొమ్మిదిమందిని అంత సులభంగా విమానం ఎక్కించేవాళ్లు కారని నేను గట్టిగా నమ్ముతున్నాను.

లావోస్ దాకా రావడం అంత తేలికేం కాదు. ఉత్తరం వైపు మంగోలియా దారి ఉంది, గోబీ ఎడారి దాటాలి. 2001లో అప్పటికే దక్షిణ కొరియా చేరిన తండ్రి దగ్గరికి బయలుదేరిన పదేళ్ల బాలుడు ఆ ఎడారిలో దారి తప్పి చనిపోయాడు. దక్షిణం దారి ఇంకా పొడుగు. చైనా ఈ కొస నుంచి ఆ కొస దాకా రైళ్లలో, బస్సుల్లో వెళ్లాలి. ఎవరైనా పలకరిస్తే భాష రాదు కాబట్టి నిద్రపోతున్నట్టు నటించాలి. చిన్నపిల్లలు కొరియా భాషలో ఏడవకుండా నిద్రమాత్రలు వేసిన తల్లులున్నారు. తర్వాత కొండల్లో రాత్రి నడక, మెకాంగ్ నదిలో పడవ, అవతల థాయ్‌లాండ్. అక్కడ పోలీసులకు దొరకాలనే చూస్తారు. అక్రమ ప్రవేశం కింద కేసు పెట్టి లోపల వేసినా, చివరికి సియోల్‌కే పంపుతారని వాళ్లకు తెలుసు.

జీ సోంగ్ హో 2006లో తమ్ముడితో కలిసి టూమెన్ నదిలో దిగాడు. ఒక చేయి, ఒక కాలు. మునిగిపోబోతుంటే తమ్ముడు పట్టుకుని లాగాడు. చైనా చేరాక, నాతో ఉంటే నువ్వూ దొరికిపోతావు, నువ్వు ముందు వెళ్లు అని తమ్ముణ్ణి పంపేశాడు. ఆపైన చైనా, లావోస్, మయన్మార్, థాయ్‌లాండ్, వేల కిలోమీటర్లు ఊతకర్రల మీద. సియోల్ చేరాక అతనికి కృత్రిమ చేయి, కాలు పెట్టారు. తర్వాత బయలుదేరిన అతని తండ్రి పట్టుబడి, చిత్రహింసల్లో చనిపోయాడు. 2018 జనవరిలో అమెరికా పార్లమెంటులో అతను లేచి నిలబడి ఆ చెక్క ఊతకర్రను పైకెత్తినప్పుడు మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. ఆ సభలో మాట్లాడిన అధ్యక్షుడి రాజకీయాలు ఏవైనా కావచ్చు, ఆ కర్ర మాత్రం అతని సొంతం. 2020 ఏప్రిల్‌లో అతను దక్షిణ కొరియా జాతీయ అసెంబ్లీకి ఎన్నికయ్యాడు.

అంత దూరం వెళ్లగలిగినవాళ్లు కొద్దిమందే. సియోల్ చేరినవాళ్లందరూ ముందు విచారణ, ఆ తర్వాత 1999లో పెట్టిన హనావోన్ అనే కేంద్రంలో దాదాపు మూడు నెలల శిక్షణ దాటాలి. ఏటీఎం వాడడం, మెట్రో ఎక్కడం, బ్యాంకు ఖాతా. పిల్లలకు అసలు టెన్షన్ స్కూల్లో మొదలవుతుంది. తోటి పిల్లల కంటే ఒకటి రెండు తరగతులు వెనక, ఎత్తులో ఒక తల తక్కువ, మాట యాస వేరు. ఎక్కడి నుంచి వచ్చావంటే ఏదో దక్షిణాది ఊరి పేరు చెప్పి తప్పించుకునేవాళ్లున్నారు. అన్నిటికంటే పెద్ద బరువు వేరే ఉంది. తాను వెళ్లిపోయినందుకు అక్కడ మిగిలినవాళ్లకు శిక్ష పడుతుంది. ఒక్కరి తప్పుకు మూడు తరాలను దండించే దేశమది. కడుపునిండా తిన్న ప్రతిసారీ ఆ ఆలోచన వస్తుందని చెప్పిన పిల్లలకు మనం ఏ కౌన్సెలింగ్ ఇవ్వగలం?

ఇంకో గుంపు పిల్లల గురించి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే వీళ్ల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. చైనాలో అమ్ముడుపోయిన ఆ తల్లులకు పుట్టిన పిల్లలు. చాలా ఏళ్లు వీళ్లను చైనా కుటుంబ రిజిస్టరులో ఎక్కించడమే కష్టమైంది. ఎక్కించాలంటే తల్లి ఎవరో చెప్పాలి, చెబితే తల్లిని పట్టుకుపోతారు. తల్లితో పాటో, తల్లి వెనకో సియోల్ చేరినా, ఉత్తరాన పుట్టలేదు కాబట్టి అక్కడి నుంచి వచ్చిన పిల్లలకు చట్ట ప్రకారం అందే సాయం వీళ్లకు పూర్తిగా అందదు. ఇవాళ దక్షిణ కొరియా బడుల్లో ఉత్తర కొరియా నేపథ్యం ఉన్న పిల్లల్లో సగం కంటే ఎక్కువమంది వీళ్లే.

కోవిడ్ తర్వాత సరిహద్దు దాదాపు మూసుకుపోయింది. 2019లో 1,047 మంది సియోల్ చేరితే 2021లో చేరింది 63 మంది. సరిహద్దు తెరిచాక, 2023 అక్టోబరులో చైనా వందల మందిని ఒక్కసారిగా తిప్పి పంపిందని వార్తలొచ్చాయి. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లని, కొందరు ఏళ్ల తరబడి అక్కడే కాపురం చేస్తున్నవాళ్లని హక్కుల సంఘాలు చెప్పాయి. అలా వెళ్లిన తల్లుల పిల్లలు చైనాలోనే మిగిలిపోతారు. శరణార్థుల ఒప్పందం మీద సంతకం ఉంది కాబట్టి చైనాను రెండే అడుగుదాం. పట్టుబడ్డవాళ్లను సరిహద్దుకు తీసుకెళ్లే ముందు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ వాళ్లను కలవనివ్వాలి. పిల్లలున్న తల్లిని పంపకూడదు. 2014 కమిషన్ కూడా వాళ్లను బలవంతంగా వెనక్కి పంపొద్దని చైనాకు రాతపూర్వకంగా సిఫార్సు చేసింది. చైనా దాన్ని ఇప్పటికీ ఒప్పుకోలేదు.

ఇక మీ ప్రశ్నలు వింటాను.